'సమజైందా?' అంటే అందరూ తలూపుతారు

నల్లగొండలో నేను డిగ్రీ చదివేటప్పుడు కెమిస్ట్రీ సారు నోట్స్ చెప్తుంటే తల ఎత్తకుండా రాసుకునేవాళ్లం. ఒకరోజు 'నల్లగొండ పద్ధతి' వచ్చింది. తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరుకున్నాక వడకట్టాలి. నాలుగు పాయింట్లు, ఐదు మార్కులు.

నా పక్కన కూచునేవాడిది మర్రిగూడ మండలం. ఆ ఫ్లోరైడ్ నీళ్లే తాగి వాళ్ల తాత నడుం వంగిపోయి గోడ పట్టుకుని నడిచేవాడు. వాడూ ఆ నాలుగు పాయింట్లు రాసుకున్నాడు. పటిక వేస్తే ఫ్లోరైడ్ ఎటు పోతుందని వాడు అడగలేదు, నేనూ అడగలేదు. సారు చివర్లో "సమజైందా?" అన్నారు. అందరం తలూపాం. గంట కొట్టారు.

ఆ సారుని తప్పు పట్టను. గదినిండా పిల్లలు, తరుముకొచ్చే సిలబస్, పైగా మా మీద ఆయనకున్న ప్రేమకు కొదవ లేదు. ఇక్కడ అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరిన కొత్తలో నేనూ గంటసేపు బోర్డు ముందు నిలబడి మాట్లాడేవాణ్ణి. నా పిల్లలూ తలూపేవాళ్లు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ సంగతి తెలిసేది కాదు.

2014లో వచ్చిన ఒక పరిశోధన నా పద్ధతి మార్చేసింది. సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల మీద అప్పటిదాకా జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూశారు. ఉపన్యాసం విని కూచున్న క్లాసుల్లో సగటున నూటికి 34 మంది ఫెయిలయ్యారు. పిల్లలు ఆలోచించి, మాట్లాడి, చేసి నేర్చుకున్న క్లాసుల్లో 22 మంది. ఆ పన్నెండు మందిలో మన పల్లెల నుంచి ఆర్టీసీ బస్సెక్కి కాలేజీకొచ్చి, ఒక బ్యాక్‌లాగ్‌తో చదువు మానేసే పిల్లలు కనిపిస్తారు నాకు.

పోయిన డిసెంబర్‌లో ఊరికి వెళ్లినప్పుడు మా జిల్లాలోనే ఒక డిగ్రీ కాలేజీలో క్లాసు తీసుకోమన్నారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి వాడుతున్న పద్ధతినే పట్టుకున్నాను. ముందు ఒక ప్రశ్న అడగాలి, ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ చేతులెత్తాలి. నేనడిగింది ఇది: "ఫ్లోరైడ్ నీళ్లను బాగా మరగబెడితే లీటరుకు ఉండే ఫ్లోరైడ్ తగ్గుతుందా, అంతే ఉంటుందా, పెరుగుతుందా?"

చాలామంది తగ్గుతుందన్నారు. కాచిన నీళ్లు మంచివని ఇంట్లో చెప్తారు కదా. "పక్కవాళ్లను ఒప్పించండి, తెలుగులోనే మాట్లాడుకోండి" అన్నాను. రెండు నిమిషాలు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత గది సంతలా అయింది. మూడో బెంచీలో ఒకమ్మాయి స్నేహితురాలి చెయ్యి పట్టుకుని చెప్తోంది: "పులుసు మస్తు మరిగితే ఉప్పగైతది గదనే! నీళ్లు పోతయ్, ఉప్పు యాడికి పోతది?"

రెండోసారి చేతులెత్తమంటే సగానికి పైగా 'పెరుగుతుంది' వైపు వచ్చారు. ఆ తర్వాత నేను పది నిమిషాలు ఉపన్యాసమే చెప్పాను. పటిక నీళ్లలో బంకలాంటి తెట్టుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు ఎలా దిగుతుందో చెప్తుంటే ఒక్కరూ కిటికీ వైపు చూడలేదు. ఉపన్యాసానికి చోటు అక్కడుంది, ప్రశ్న పుట్టిన తర్వాత. మన ఒగ్గుకథలో కూడా పక్కనున్నవాళ్లు మాట అందుకుంటూ, అడుగుతూ ఉంటేనే కథ నడుస్తుంది.

నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించింది భాష. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు డిగ్రీలో ఇంగ్లిష్ నోట్స్ బట్టీ పడుతున్నారు. ఆ అమ్మాయిని లేపి ఇంగ్లిష్‌లో చెప్పమంటే తల దించుకునేది. పులుసు మాట బయటికొచ్చేదే కాదు.

ఇది సులువని అనను. పిల్లలే ముందు గొణుగుతారు, "సార్ ఏం చెప్పలేదు, మమ్మల్నే చెప్పమన్నడు" అని. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనూ ఇదే తేలింది: చేసి నేర్చుకున్నవాళ్లకు మార్కులు ఎక్కువొచ్చినా, తాము తక్కువ నేర్చుకున్నట్టు వాళ్లకు అనిపించింది. ఇక గంటల లెక్కన డబ్బులు తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ని కొత్త ప్రశ్నలు తయారుచేసుకో అంటే, దానికి టైం ఎవరిస్తారు?

ఆ టైం మనం కొనివ్వొచ్చు. ఇక్కడ అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఏటా ఊళ్లోని కాలేజీలకు ప్రొజెక్టర్లు, డిజిటల్ బోర్డులు ఇస్తున్నాయి. నేను చూసిన చోట వాటి మీదా పాత నోట్సే నడుస్తోంది. ఈ ఏడాది ఆ డబ్బు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల లెక్చరర్లకు పెడదాం. ఎండాకాలం సెలవుల్లో రెండు వారాలు కూర్చుని తమ సబ్జెక్టులో ఇలాంటి ప్రశ్నలు తెలుగులో రాసుకోవడానికి గౌరవ వేతనం ఇద్దాం. దాంతోపాటు కాలేజీకి కొన్ని నీటి పరీక్ష కిట్లు. వచ్చే డిసెంబర్‌లో నేను మళ్లీ వెళ్తున్నాను. ఎవరింటి బోరు నీళ్లు వాళ్లు సీసాల్లో పట్టుకొస్తామని ఆ పిల్లలు ఇప్పటికే మాటిచ్చారు.