ఎంగిలి భయంతో కొన్న రెగ్యులేటర్ గారికి

గౌరవనీయులైన స్కూబా రెగ్యులేటర్ గారికి,

సముద్రంలో మునిగినప్పుడు సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే తమరికి బెజవాడ నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం చూడగలిగినవారు మాత్రం ఈ ఊళ్లో లేరని నిన్న మధ్యాహ్నం రూఢి అయింది.

మిమ్మల్ని గుడ్డసంచిలో వేసుకుని ఎండలో మూడు గంటలు తిరిగాను. గవర్నర్‌పేటలో “రెగ్యులేటర్ బాగుచేస్తారా?” అంటే “ఫ్యాను ఏ కంపెనీదండీ?” అన్నారు. వన్‌టౌన్‌లో గ్యాస్ పొయ్యిలు బాగుచేసే పెద్దాయన మీ నాలుగు గొట్టాలనూ లెక్కపెట్టి, “నాలుగు పొయ్యిలదా?” అని అడిగాడు. కాదండీ, ఊపిరి పీల్చడానికి అన్నాను. ఆయన మొహం దిగులుగా పెట్టి, “అయ్యో, ఇంట్లో ఎవరికి బాగాలేదు బాబూ?” అన్నాడు. ఇరిగేషన్‌లో రిటైరైన మా బాబాయికి ఫోను చేస్తే, కాలువకు నీళ్లు వదిలే రెగ్యులేటర్ బ్యారేజీ పక్కనే ఉంది కదరా, వెళ్లి చూసుకో అన్నాడు.

మీకు ఏటేటా సర్వీసు కావాలట. రెండేళ్లలో రెండే రెండు ప్రయాణాలు చేసి, తక్కిన కాలమంతా బీరువాలో పడుకున్నా సరే కావాలట. లోపలి రబ్బరు రింగులు ఎండిపోతాయట. ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

తెలిసినవాళ్లు చిలక్కు చెప్పినట్టు చెప్పారు: ముందు కళ్లనూ ముక్కునూ కప్పే అద్దం మాస్కు కొనుక్కో, తక్కినవన్నీ అద్దెకు దొరుకుతాయి. పట్టీ తగిలించకుండా మాస్కును మొహానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చాలి. ఊడి పడకపోతే అది మన మొహానికి సరిపోయినట్టే. రెండు నిమిషాల పని. నేను వింటేనా? దుకాణంలో కుర్రాడు ఒకే మాట అన్నాడు: “అద్దె రెగ్యులేటర్ అంటే నలుగురి నోట్లో పెట్టుకున్నదే కదండీ.” మా ఇంట్లో నీళ్ల సీసా కూడా ఎత్తిపోసుకునే తాగుతాం. ఎంగిలి మాట వినగానే నలభై వేలు కట్టేశాను. ఖర్చు ఎక్కువైందని మాస్కు మాత్రం అద్దెకు తీసుకున్నాను.

అండమాన్‌లోని హావ్‌లాక్‌లో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) పడవ మీద గైడు ఆ మాస్కు నా చేతికిచ్చి, “లోపల ఉమ్మండి సార్” అన్నాడు. అద్దానికి ఆవిరి పట్టకుండా అదే మందట. వేలితో రుద్ది, సముద్రపు నీళ్లతో తొలిచి పెట్టుకోవాలట. అప్పుడు వెలిగింది. నాకంటే ముందు ఇందులో ఎంతమంది ఉమ్మారు? ఆ ఆలోచనతోనే దూకాను. మీసం మీద అంచు కూర్చోక ముక్కు దాకా నీళ్లు. పక్కనున్నవాళ్లు తాబేలును చూస్తుంటే నేను తల ఎత్తి ముక్కుతో గాలి ఊది నీళ్లు తోడుకుంటున్నాను. నీళ్లలో ఒంటికి అతుక్కునేలా తొడుక్కునే అద్దె వెట్‌సూట్‌లో జనం ఏం చేస్తారో పైకొచ్చాక చెప్పారు. దాని గురించి వద్దు.

అసలు కడుపుమంట ఇది. నీ మూతికున్న రబ్బరు ముక్క విడిగా ఊడివస్తుందట! ప్లాస్టిక్ ట్యాగు ఒకటి కత్తిరించి, మన సొంత ముక్క తొడిగి, మళ్లీ కొత్త ట్యాగు బిగిస్తే ఏ అద్దె రెగ్యులేటర్ అయినా మడి కట్టుకున్నట్టే. వందల్లో తేలిపోయేది. ఈ ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా? నీకున్నదే నోరు కదా!

సరే, ఒకటి ఒప్పుకుంటాను. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో, అంటే మామూలు గాలికి దాదాపు రెండొందల రెట్లతో, కుక్కిన గాలిని, పది మీటర్ల లోతున చుట్టూ ఒత్తిడి రెట్టింపైన చోట, పిల్లవాడికి పాలు పట్టినంత మెత్తగా అందించావు. ముక్కు నిండా ఉప్పునీళ్లతో నేను గింజుకుంటుంటే ఒక్క ఊపిరి కూడా ఎగ్గొట్టలేదు. అది మరిచిపోను.

రేపు పొద్దున్నే కొరియర్‌లో చెన్నైకి వెళ్తున్నావు. దుమ్ము మూత బిగించి, పాత తువ్వాలు చుట్టాను. పని పూర్తయ్యాక అక్కడి మెకానిక్ నిన్ను నోట్లో పెట్టుకుని, ఊపిరి పీల్చి చూస్తాడట. ఫోనులో అతనే చెప్పాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

ఇట్లు,
నీ యజమాని