గృహ కూడికకు రెండో పాస్టర్ అక్కర్లేదు

మన పెద్ద క్రైస్తవ సంఘాలు ఇప్పుడు గృహ కూడికల మీద పడ్డాయి. కాటేజ్ ప్రేయర్ అన్నా, సెల్ గ్రూప్ అన్నా, కేర్ సెల్ అన్నా పని ఒకటే. సభ్యులను ఏరియాల వారీగా పది పన్నెండు మంది చొప్పున విడదీసి, వారానికోసారి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చోబెట్టి, ఒక లీడర్‌ని పెట్టడం. ఆదివారం ఆరాధనలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల పేరు కూడా తెలియని సంఘాల్లో ఇది అవసరమే. అయితే లీడర్‌గా ఎవరిని పెడుతున్నారో చూడండి. వాక్యం బాగా చెప్పగల అన్నయ్యను. గొంతు పెద్దది, వచనాలు కంఠతా వచ్చు, వీలైతే బైబిల్ కాలేజీలో ఓ చిన్న కోర్సు చేసి ఉంటాడు. ఎంపిక ఇలా జరిగినంతకాలం గృహ కూడిక బతకదని నా వాదన.

ప్రసంగం వచ్చినవాడు ప్రసంగమే చేస్తాడు. గంటన్నర కూడికలో పాటలు పోను గంటసేపు ఆయనే మాట్లాడతాడు. "మీ ప్రార్థన మనవులు చెప్పండి" అనే సరికి పిల్లలు నిద్రలో ఉంటారు, ఆఖరి బస్సు గుర్తొస్తుంది. ఉద్యోగం, ఆరోగ్యం, పిల్లల చదువు అంటూ అందరూ ఒక్కో ముక్క చెప్పి లేస్తారు. తాగొచ్చి కొట్టే భర్తతో బతుకుతున్న చెల్లెలు ఆ గదిలోనే ఉంటుంది. చిట్టీల వాడు ఐపీ పెట్టడంతో కూతురి పెళ్లి డబ్బు పోగొట్టుకున్న పెద్దాయన ఉంటాడు. వాళ్లు నోరు విప్పరు, విప్పడానికి చోటు లేదు. ఆదివారం జరిగిందే శుక్రవారం మరో ఇంట్లో, తక్కువ మందితో జరిగింది.

ఈ ఏర్పాటు ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకోవాలి. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అనుచరులు తమ ప్రార్థనా మందిరం అప్పు తీర్చే దారి వెతుకుతున్నారు. మనిషికి వారానికో పెన్నీ ఇద్దామని కెప్టెన్ ఫాయ్ అనే సభ్యుడు అన్నాడు. పేదవాళ్లు ఇవ్వలేరు కదా అని మరొకరు అడ్డు చెప్పారు. అందరికంటే పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వాళ్ల దగ్గరికి వారం వారం నేనే వెళ్తాను, ఇవ్వలేనివాళ్ల పెన్నీ నేనే వేస్తాను అన్నాడు ఫాయ్. మిగతావాళ్లూ అలాగే ఒప్పుకున్నారు. అలా ఇంటింటికీ తిరిగిన వాళ్లకు పెన్నీలతో పాటు ఆ ఇళ్లలోని గొడవలు, తాగుడు, ఆకలి కనిపించాయి. వెస్లీకి విషయం అర్థమైంది. తర్వాత ఏడాది రాసిన నియమాల్లో పన్నెండు మందికి ఒక లీడర్ ఉండాలని, ఆ లీడర్ వారానికి ఒక్కసారైనా ఒక్కొక్కరినీ కలిసి వాళ్ల ఆత్మ ఎలా ఉందో విచారించాలని పెట్టాడు. ప్రసంగాలు చేసే బాధ్యత వేరేవాళ్లది.

ఇది మనకు పరాయి చరిత్ర కాదు. మెదక్‌లో 1914 నుంచి 1924 దాకా పదేళ్లు కట్టి మహాదేవాలయాన్ని నిలబెట్టింది ఆ వెస్లీ సంప్రదాయపు మిషనరీలే. 1947లో పలు ప్రొటెస్టంట్ సంఘాలు కలిసి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు ఆ వారసత్వం అందులో కలిసింది. కట్టడాన్ని చూడటానికి క్రిస్మస్‌కు లక్షల్లో వెళ్తున్నాం, దాని వెనకున్న పన్నెండు మంది పద్ధతిని మాత్రం వదిలేశాం. ఒంగోలు కథా ఇలాంటిదే. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన బాప్టిస్టు సంఘాలు గర్వంగా చెప్పుకుంటాయి. మర్నాటి నుంచి ఆ మాదిగ పల్లెల్లో వాళ్లను ఎవరు చూసుకున్నారు? అక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒక్కడే కాదు కదా. అక్షరాలు అంతంతమాత్రంగా వచ్చినా జనంలో మనుషులైన ఊరి బోధకులు, ఇళ్లల్లోకి వెళ్లి ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడిన బైబిల్ స్త్రీలు చూసుకున్నారు.

మరి లీడర్ చేయాల్సిన పనేమిటి? పది వచనాలు చదివించి, ఒక ప్రశ్న అడిగి, ఊరుకోవాలి. "ఇందులో ఏ మాట ఈ వారం మీకు కష్టంగా ఉంది?" అని అడిగి నిజంగా ఊరుకోవాలి. గదిలో అరనిమిషం మౌనం పడితే మనవాళ్లు తట్టుకోలేరు, వెంటనే స్తోత్రం చెప్పి పాట ఎత్తుకుంటారు. ఆ అరనిమిషాన్ని భరించగలవాళ్లే ఈ పనికి తగినవాళ్లు. మనసులో మాట బయటికొచ్చాక వెంటనే సలహా ఇవ్వకూడదు, వచనం చెప్పి మూసేయకూడదు. ఆ పేరు పెట్టి ప్రార్థించి, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోవాలి. ఒకసారి రాకపోతే ఇంటికి వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం, విన్నది గది దాటకూడదు. ఒక అక్క కన్నీళ్లతో చెప్పిన సంగతి రాత్రికల్లా సంఘం వాట్సాప్ గ్రూపులో "అర్జెంట్ ప్రేయర్ రిక్వెస్ట్"గా తేలితే, ఆ అక్క జన్మలో మళ్లీ నోరు తెరవదు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసిన మాట నిలబడాలంటే ముందు ఆ గది నమ్మదగినదై ఉండాలి.

కూడిక ఎవరి ఇంట్లో అన్నది కూడా లీడర్ పట్టించుకోవాల్సిన విషయమే. హాలు పెద్దదని, కారు పార్కింగ్ ఉందని ఎప్పుడూ ఆ రెండు ఇళ్లలోనే పెడతారు. ఇక టిఫిన్ల పోటీ మొదలైతే ఒక్క గది అద్దె ఇంట్లో ఉండేవాళ్లు మా ఇంట్లో పెట్టండని అడగనే అడగరు. టీ తప్ప ఇంకేమీ పెట్టకూడదని కచ్చితంగా చెప్పాలి, ప్రతి ఇంటికీ వంతు రావాలి. ఒకే బల్ల దగ్గర ప్రభు సంస్కారం తీసుకుని, సాటి విశ్వాసి ఇంట్లో మంచినీళ్లు ముట్టని కుటుంబాలు మన సంఘాల్లో ఇంకా ఉన్నాయి. కులం గురించి వేదిక మీది ప్రసంగం ఎన్నాళ్లయినా చేయని పని, వంతు ప్రకారం పాలెంలోని ఇంట్లో చాప మీద కూర్చుని తాగే టీ చేస్తుంది.

శిక్షణ లేనివాళ్లకు గుంపును అప్పగిస్తే తప్పుడు బోధ దూరుతుందని, నాలుగు ఇళ్లు కలిసి వేరే చర్చి పెట్టుకుంటాయని కాపరులు భయపడతారు. భయంలో నిజముంది, అలా చీలిన సంఘాలను మనందరం చూశాం. కానీ ఆ చీలికలను నడిపింది దాదాపు ఎప్పుడూ వాక్చాతుర్యం ఉన్న లీడర్లే, నోరు తక్కువ చెవి ఎక్కువ ఉన్నవాళ్లు కాదు. అపొల్లో గొప్ప వక్త. అతని బోధలో లోటును సరిచేసింది డేరాలు కుట్టుకునే దంపతులు ప్రిస్కిల్ల, అకుల. అతన్ని చేర్చుకుని విడిగా వివరించారు, పదిమందిలో ఖండించలేదు.

ప్రిస్కిల్ల పేరు వచ్చింది కాబట్టి అసలు సంగతి చెబుతాను. నేను పైన చెప్పిన పనులన్నీ మన సంఘాల్లో ఇప్పటికే చేస్తున్నది ఆడవాళ్లు. ఎవరింట్లో జ్వరమో, ఎవరి కూతురు పుట్టింటికి వచ్చేసిందో వాళ్లకు తెలుసు. ఆస్పత్రికి క్యారియర్ పట్టుకెళ్లేదీ వాళ్లే. లీడర్ పేరు మాత్రం భర్తది. పేతురు చెరసాల నుంచి బయటపడి వెళ్లింది మార్కు తల్లి మరియ ఇంటికి. ఫిలిప్పీలో పౌలు చెరసాల నుంచి నేరుగా వెళ్లింది లుదియ ఇంటికి. 2013లో నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల పరిధికి) పుష్పలలిత గారు సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ అయ్యారు. ఒక డయాసిస్‌ను నడపగలిగిన స్త్రీకి కాలనీలో పన్నెండు మందిని నడిపే అర్హత లేదా?

దక్షిణ కొరియా అనుభవం ఇక్కడ కళ్లు తెరిపించాలి. 1964లో సియోల్‌లో పాస్టర్ యోంగీ చో పని ఒత్తిడితో కుప్పకూలాడు. సంఘాన్ని ఇళ్లలోని చిన్న గుంపులుగా విడదీసి నడపమంటే మగ పెద్దలు ముందుకు రాలేదు, స్త్రీలు ఒప్పుకున్నారు. ఆ స్త్రీల కష్టం మీద ఆయన యోయిదో చర్చి ప్రపంచంలోనే అతిపెద్ద సంఘాల్లో ఒకటైంది. మన పాస్టర్లు ఈ కథను ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. 2014లో సంఘానికి భారీ నష్టం కలిగించిన కేసులో అదే చోను సియోల్ కోర్టు దోషిగా తేల్చింది. వేల గుంపులు కింద ఉన్నా నిర్ణయాలూ డబ్బూ పైన ఒక్కరి చుట్టూనే తిరిగితే జరిగేది అదే. మన దగ్గర కూడా పాస్టర్, ఆయన కొడుకు, ఆయన అల్లుడు అన్న వరసలో నడిచే సంఘాలు సెల్ గ్రూపులు పెడుతున్నది సభ్యులు చేజారిపోకుండా కాపలా కోసమే. అక్కడ లీడర్ హాజరు పట్టీ రాసి, దశమభాగాలు గుర్తుచేసి, ఎవరు అసంతృప్తిగా ఉన్నారో పైకి చేరవేసే మనిషి అవుతున్నాడు.

కాబట్టి సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీలు రెండు పనులు చేయాలి. గుంపు లీడర్‌ను ఆ పన్నెండు మందే ఎన్నుకోవాలి, అందులో ఆడవాళ్లను అడ్డుకోకూడదు. ఏడాదికోసారి మార్చే వీలుండాలి. ఆ లీడర్లకు సంఘ కమిటీలో కుర్చీ, ఓటు ఇవ్వాలి. గుంపుల్లో తెలిసిన అవసరాలకు, వైద్యానికో ఫీజులకో, సంఘం నిధి నుంచి ఎంత ఖర్చు చేయాలో వాళ్లు తేల్చాలి. కొత్త ఫ్లెక్సీలకూ సౌండ్ సిస్టమ్‌కూ వెళ్లే డబ్బు ముందు అక్కడికి వెళ్లాలి.