అద్దె బాకీ ఉంటే గొడ్డలి కింద పెట్టకండి

ఇంగ్లండు చట్టానికి జాలి లేదనేవాళ్లు పాతకాలపు అద్దె జప్తు సంగతి ఓసారి తిరగేయాలి. కోర్టు గడప తొక్కకుండా, బాకీపడ్డవాడి ఇంట్లోకి వెళ్లి సామాను పట్టుకునే హక్కు ఓనరుకి వందల ఏళ్లు ఉండేది. డిస్ట్రెస్ అనేవారు దాన్ని. అంత అధికారం ఇచ్చి కూడా మర్యాద ఎక్కడా తప్పలేదు.

సూర్యాస్తమయం తర్వాత జప్తు కుదరదు. చీకట్లో సామాను పట్టుకెళ్లడం దొంగల పని కదా. పైగా ఎవరి ఇల్లు వాళ్లకి కోట అని 1604లో తీర్పు వచ్చింది కాబట్టి వీధి తలుపు బద్దలుకొట్టకూడదు. కిటికీ సంగతి వేరు. మూసిన కిటికీని, గడియ పెట్టకపోయినా సరే, తెరవకూడదు. కాస్త తెరిచి ఉంటే మాత్రం ఇంకాస్త తెరుచుకుని దూరొచ్చు. లోపల పడ్డాక గదుల తలుపులు విరగ్గొట్టుకోవచ్చు. కోటలోకి గాలి రావాలనుకున్నవాడి ఖర్మ వాడిది. పందొమ్మిదో శతాబ్దపు జడ్జీలు ఈ కిటికీ సందుల మీద నిజంగానే తీర్పులు రాశారు. అంత చదువు చదివినందుకు ఏదో ఒక ప్రయోజనం ఉండాలిగా.

ఇక గొడ్డలి. మనిషి చేతిలో ఉండి కట్టెలు కొడుతున్న గొడ్డలిని జప్తు చేయరాదు. మనిషి ఎక్కి ఉన్న గుర్రాన్నీ అంతే. లాక్కోబోతే కొట్లాట అవుతుందని భయం. కనుక అద్దె కట్టలేనివారికి నా సలహా: గొడ్డలి దించకండి, పొద్దుగూకేదాకా గుర్రం దిగకండి.

పట్టుకున్న సామాన్ని మొదట్లో తాకట్టులా ఉంచుకోవడమే, అమ్మడానికి లేదు. ఓనర్ల టెన్షన్ చూడలేక 1689లో పార్లమెంటు, అయిదు రోజుల్లో బాకీ తీర్చకపోతే అమ్ముకోమంది. దొంగచాటుగా సామాను తరలిస్తే 30 రోజుల దాకా వెంటాడి పట్టుకోవచ్చని 1737లో ఇంకో చట్టం చేసింది. మూట మోసిపెట్టిన స్నేహితుడు కూడా సామాను విలువకు రెట్టింపు కట్టాలి. ఆ పార్లమెంటు నిండా భూస్వాములే ఉండటం కేవలం యాదృచ్ఛికం.

బాకీపడ్డవాడి ఇంట్లోనే ఓ గది తీసుకుని, తన అద్దె తాను బుద్ధిగా కట్టుకునేవాడి మంచం కూడా జప్తులో పోయేది. దానికి 1871లో విరుగుడు దొరికింది. తొందరేముంది?

చివరికి 2014 ఏప్రిల్ 6న ఈ హక్కును ఎత్తేశారు. ఇప్పుడు దుకాణాలు, ఆఫీసుల అద్దెలకే కొత్త పద్ధతి, అదీ 7 రోజుల నోటీసిచ్చి. జప్తుకొచ్చేవాళ్లు తలుపులోంచే రావాలట. కిటికీలు దూకడంలో తరతరాల అనుభవం అంతా బూడిదలో పోసిన పన్నీరైంది.