ఒడియాలో ఎఫ్ఐఆర్, తెలుగులో శవపంచనామా

బరంపురం నుంచి ఇచ్ఛాపురం పెళ్లికో, రాయగడ నుంచి పార్వతీపురం చుట్టాలింటికో, కోరాపుట్ నుంచి సాలూరు ఘాట్ దిగి విశాఖ ఆసుపత్రికో బయలుదేరిన కారు దారిలో ప్రమాదానికి గురైతే, ఆ కుటుంబానికి ఒక్క రోజులోనే రెండు రాష్ట్రాల పోలీసులతో పని పడుతుంది. ప్రమాదం పొట్టంగి దగ్గర జరిగితే కేసు కట్టేది కోరాపుట్ జిల్లా పోలీసులు. క్షతగాత్రుణ్ణి తరలించేది మాత్రం చాలాసార్లు విశాఖకే. అక్కడ ప్రాణం పోతే శవపంచనామా, పోస్టుమార్టం అక్కడే జరుగుతాయి. ఎఫ్ఐఆర్, ప్రమాద స్థలం పటం ఒడియాలో ఒక ఠాణాలో ఉంటాయి. మరణానికి సంబంధించిన కాగితాలు మరో రాష్ట్రంలోని ఠాణాలో తెలుగులో ఉంటాయి. ఈ రెండింటినీ ఒకచోట చేర్చే బాధ్యత, కన్నీళ్లింకా ఆరని ఇంటివాళ్ల మీద పడుతోంది. అది వారి మీద పడకూడదని, చట్టం కూడా వారి మీద వేయలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు ప్రమాదం తర్వాత నష్టపోతున్నది ఎక్కువగా కోర్టులో కాదు, కోర్టు దాకా వెళ్లకముందే. ఊరి పెద్దలు కూర్చుని, ‘పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు, కేసని తిరిగితే ఉన్నది కూడా పోతుంది’ అని నచ్చజెప్పి, బండి యజమాని చేత ఎంతో కొంత ఇప్పించి తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుంటారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే ఆ సంతకంతో ఆ ఇల్లు ఎంత వదులుకుంటున్నదో లెక్క వేసి చూడాలి. ముప్ఫై నాలుగేళ్ల తాపీమేస్త్రీ, నెలకు పదిహేను వేల సంపాదన, అతని మీద ఆధారపడిన భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. సొంతంగా పని చేసుకునేవారి వయసు నలభై లోపు ఉంటే భావి సంపాదన కింద నలభై శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసులో నిర్ణయించింది. అలా నెల సంపాదన 21,000 అవుతుంది. నలుగురు ఆధారపడినవారున్నందున అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 15,750 మిగులుతుంది. అంటే ఏడాదికి 1,89,000. సరళా వర్మ కేసులో 2009లో స్థిరపడిన పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చించాల్సిన సంఖ్య, 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడు కింద ఇచ్చేవి దీనికి అదనం. అరుగు మీద కుదిరిన రాజీలో ఇందులో పదో వంతైనా దక్కుతుందా?

ఇక తప్పు ఎవరిదన్న ప్రశ్న. ‘పెద్ద బండిదే తప్పు’ అని ఊళ్లో అంటారు. బీమా సంస్థ న్యాయవాది అందుకు పూర్తిగా ఎదురు చెబుతారు. చట్టం ఈ రెండు మాటలనూ ఒప్పుకోదు. క్రిమినల్ కేసులో డ్రైవర్ నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. నష్టపరిహార ట్రిబ్యునల్‌లో అంత గట్టి రుజువు అవసరం లేదు. జరిగి ఉండటానికి ఏది ఎక్కువ అవకాశం అన్నది తేలితే చాలు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2009లో బిమలాదేవి కేసులో స్పష్టం చేసింది. కాబట్టి క్రిమినల్ కేసు కొట్టేశారు గనుక డబ్బు కూడా రాదన్న మాట నిజం కాదు.

తప్పు ఒక్కరి మీదే ఉండాలన్న నియమం కూడా లేదు. కోయంబత్తూరు దగ్గర రహదారి మీద ఒక కారు ముందస్తు సంకేతమేదీ ఇవ్వకుండా హఠాత్తుగా బ్రేకు వేసింది, వెనుక వస్తున్న విద్యార్థి మోటార్‌సైకిల్ దాన్ని తాకి పడిపోయింది, అతని కాలి మీదుగా బస్సు వెళ్లింది. వెనుక బండిదే తప్పన్న వాడుక మాటను పక్కనపెట్టి, 2025లో సుప్రీంకోర్టు కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం, తగినంత దూరం పాటించని విద్యార్థికి 20 శాతం బాధ్యత నిర్ణయించింది. లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీలను ఢీకొన్న ప్రమాదాల్లోనూ లారీ ఎక్కడ నిలిచింది, ఏ హెచ్చరిక పెట్టారు అన్నవి తేల్చకుండా తీర్పు చెప్పడం కుదరదు. అందుకే మొదటి రోజు గీసే స్థల పటం, బండ్లు నిలిచిన తీరు చూపే ఫొటోలు, చూసినవారి పేర్లు అంత విలువైనవి. అవి ఆనాడు దొరక్కపోతే ఆరు నెలల తర్వాత ఏ న్యాయవాదీ సృష్టించలేడు.

ప్రయాణికుల విషయంలో మరో సంగతి తెలిసి ఉండాలి. రెండు బండ్ల తప్పూ కలిసి ప్రమాదం జరిగితే, వాటిలో కూర్చుని దెబ్బతిన్న అమాయకుడు మొత్తం పరిహారాన్ని ఆ రెంటిలో దేని నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటాలు వారిలో వారు తేల్చుకోవాలి. మోటార్‌సైకిల్ మీద ముగ్గురు కూర్చున్నారన్న ఒక్క కారణంతో పరిహారం తగ్గించరాదని, అలా కూర్చోవడమే ప్రమాదానికి కారణమైందని చూపాలని 2020లో మరో తీర్పు వచ్చింది.

సరిహద్దు కుటుంబాలకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే నిబంధన మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లో ఉంది. ప్రమాదం జరిగిన చోటే కాక, బాధితులు నివసించే చోట లేదా వ్యాపారం చేసుకునే చోట, లేదా ప్రతివాది ఉండే చోట కూడా దావా వేయవచ్చు. పర్లాకిమిడి కుటుంబానికి శ్రీకాకుళం జిల్లా రోడ్డు మీద ప్రమాదం జరిగితే గజపతి జిల్లాలోని ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. టెక్కలి కుటుంబం బరంపురం దగ్గర దెబ్బతింటే శ్రీకాకుళంలో వేసుకోవచ్చు. వేర్వేరు హైకోర్టుల పరిధిలో రెండు దావాలు పడితే మొదట వేసినదే నిలుస్తుందని, తర్వాతది అక్కడికి బదిలీ కావాలని 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకం ఇచ్చింది. ఇంత వెసులుబాటు ఉండగా హైకోర్టున్న కటక్ దాకా తిరగాలేమోనన్న భయంతో దావాయే మానుకోవడం మాకు బాధ కలిగిస్తోంది.

పోలీసుల బాధ్యతనూ ఆ తీర్పు గుర్తుచేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు అందించాలి. ఆ నివేదికనే దావాగా స్వీకరించే వీలు చట్టంలో ఉంది. బండి యజమాని, బీమా సంస్థ వివరాలు అడిగితే బాధితులకు ఇవ్వడమూ విధే. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి. అర్థం కాని భాషలో చదివితే వినిపించినట్టు ఎలా అవుతుంది? ‘కారు అడ్డంగా వచ్చింది’ అని చెప్పిన మాట, ‘మోటార్‌సైకిల్ అడ్డంగా వచ్చింది’ అని కాగితం మీదికి ఎక్కితే, ఆ ఒక్క వాక్యం లక్షల రూపాయలను అటునుంచి ఇటు మార్చేస్తుంది.

గడువు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ దావాకు ఆరు నెలల గడువు పెట్టింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉన్నప్పటికీ, ఆ ధీమాతో ఆలస్యం చేయకూడదు. తప్పు ఎవరిదో రుజువు చేయనక్కరలేకుండా 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. అయితే నిర్దేశించిన పద్ధతిలో ఆ మొత్తాన్ని అంగీకరిస్తే 166 కింద వేసిన దావా రద్దవుతుంది. పైన లెక్క వేసిన తాపీమేస్త్రీ ఇల్లాలు ఐదు లక్షలకు సంతకం చేస్తే కోల్పోయేది ఎంతో పాఠకులే చూడవచ్చు. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇస్తారు. కాకపోతే ఆ దరఖాస్తు మాత్రం ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికే ఇవ్వాలి. అక్కడ ఇంటి దగ్గరి సౌకర్యం లేదు, ఆ లోటు సరిదిద్దాలి.

కారు సొంతదారులకు ఒక మాట. చౌక అని కేవలం థర్డ్ పార్టీ పాలసీ తీసుకుంటే, సొంత కారులో కూర్చున్న బంధువులకు ఆ పాలసీ వర్తించదు. సొంత బండికీ, అందులోని వారికీ కలిపి రక్షణ ఇచ్చే ప్యాకేజీ పాలసీ ఉంటేనే వర్తిస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో కారు నిండా మనుషుల్ని ఎక్కించుకునే ముందు ఆ కాగితం తీసి చదవండి.

మేము కోరుతున్నవి ఖజానాకు భారమయ్యేవి కావు. గిరిసోల నుంచి పొట్టంగి వరకు సరిహద్దు ఠాణాల్లో తెలుగు, ఒడియా రెండూ చదవగలిగే ఒకరిని ప్రమాద కేసులకు అందుబాటులో ఉంచాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు అదే అర్హత గల వాలంటీర్లను విశాఖ, శ్రీకాకుళం, బరంపురం పెద్దాసుపత్రుల్లో కూర్చోబెట్టాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది, 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. మరణం పక్క రాష్ట్రంలో సంభవించినప్పుడు శవపంచనామా, పోస్టుమార్టం నివేదికలను అక్కడి ఠాణా ఇక్కడి ఠాణాకు నేరుగా పంపేలా, 90 రోజుల గడువులోగా అవి ట్రిబ్యునల్‌కు చేరేలా రెండు రాష్ట్రాల పోలీసు శాఖలు ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు నకలును ప్రతి సరిహద్దు ఠాణా గోడ మీద రెండు భాషల్లోనూ అతికించాలి.