పాటల అరలు గీసింది పాటగాళ్లు కాదు

అమెరికా కాలేజీల్లో పాపులర్ మ్యూజిక్ పరిచయ కోర్సు అంటే చాలామందికి తేలిగ్గా ‘ఏ’ గ్రేడ్ వచ్చే సబ్జెక్టు. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లోనూ కెమిస్ట్రీ ల్యాబుల మధ్య కాస్త ఊపిరి పీల్చుకోవడానికి తీసుకునేవాళ్లున్నారు. అందులో తప్పేం లేదు. నా పేచీ సిలబస్‌తో. ఒక వారం బ్లూస్, ఇంకో వారం కంట్రీ, తర్వాత జాజ్, రాక్, సోల్, ఆఖర్న టైమ్ మిగిలితే హిప్ హాప్. కిరాణా కొట్లో పప్పులకో అర, పిండికో అర అన్నట్టు. ఆ అరలు కట్టింది సంగీతం కాదు, రికార్డు కంపెనీలు.

1920లో నల్లజాతి గాయని మేమీ స్మిత్ రికార్డు ‘క్రేజీ బ్లూస్’ అమ్ముడుపోయాక గానీ నల్లజాతివాళ్లు కూడా డబ్బు పెట్టి రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసిరాలేదు. దాంతో వాళ్ల కోసం ‘రేస్ రికార్డ్స్’ అని ఒక జాబితా, దక్షిణాది తెల్లవాళ్ల పల్లె పాటలకు ‘హిల్‌బిల్లీ’ అని ఇంకో జాబితా తయారయ్యాయి. 1949లో, ఏ పాట ఎంత ఆడుతోందో జాబితాలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక ‘రేస్’ తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని రాసింది. బోర్డు మారింది గానీ కొట్టు అదే.

నేనే ఆ క్లాసు చెబితే మొదటి రోజు ఒక్క రికార్డు వినిపిస్తాను. కంట్రీ సంగీత పితామహుడని పేరుపడ్డ తెల్లజాతి గాయకుడు జిమ్మీ రోజర్స్ 1930 జూలైలో హాలీవుడ్‌లో పాడిన ‘బ్లూ యోడెల్ నంబర్ 9’. ఆయన ఒక వరస పాడి ఆగగానే ఒక ట్రంపెట్ అందుకుని జవాబిస్తుంది. మళ్లీ పాట, మళ్లీ జవాబు. ఆ ట్రంపెట్ నల్లజాతి జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది, పియానో ఆయన భార్య లిల్ హార్డిన్‌ది. పాట చట్రమేమో పన్నెండు బార్ల బ్లూస్, అంటే నల్లజాతివాళ్ల పాటల్లోంచి వచ్చిన పన్నెండు ఆవర్తాల కట్టు. ఇప్పుడు చెప్పండి, ఇది ఏ వారం పాఠం? రికార్డు లేబుల్ మీద ఆర్మ్‌స్ట్రాంగ్ పేరే లేదు. చెవికి వినపడేదాన్ని కంటికి కనపడకుండా చేశారు. ఈ కోర్సులో అసలు చెప్పాల్సింది ఇదే.

పద్దెనిమిదేళ్ల పిల్లలకు ముందు తాళం, బాణీ వినడం నేర్పండి, రాజకీయం తర్వాత చూసుకోవచ్చు అనేవాళ్లున్నారు. వినడమే నేర్పమంటున్నాను నేను కూడా. సరిగ్గా వింటే ఆ గోడలు వాటంతటవే కూలతాయి.

ఇదంతా పాత ముచ్చటేం కాదు. 2019లో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాడిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను బిల్‌బోర్డ్ కంట్రీ జాబితా నుంచి తీసేసింది. ఇప్పటి కంట్రీ లక్షణాలు చాలినన్ని లేవట. పాట మొదలయ్యేదే బాంజో మీటుతో. ఆ బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో రూపుకట్టిన వాయిద్యం. అదే పాట అన్ని రకాలూ కలిపిన ప్రధాన జాబితాలో 19 వారాలు పైన కూర్చుంది.

పేరు పోతే డబ్బూ పోతుంది. తెల్లజాతి కంట్రీ బృందం కార్టర్ ఫ్యామిలీ పెద్ద ఏ.పి. కార్టర్ కొండ ఊళ్లన్నీ తిరిగి పాటలు సేకరించేటప్పుడు, వెంట ఉండి బాణీలు గుర్తుపెట్టుకున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. కాపీరైట్లు కార్టర్ పేరు మీద పడ్డాయి.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన సినిమాలే గుర్తొస్తాయి. ఆకాశవాణి ఏనాడో శాస్త్రీయం, లలితం, జానపదం అని మూడు గదులు కట్టింది. మొదటి రెండు గదుల్లో ఉన్నవాళ్లకు పేర్లున్నాయి. మూడో గదిలో మాత్రం ‘జానపదం’ అనే ఒక్క పేరే. ఒగ్గు కథ చెప్పేవాడి నోట్లోంచి, నాట్లేసే ఆమె నోట్లోంచి వచ్చిన పల్లవి కోట్ల సినిమాకెక్కితే, టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరు పెద్దక్షరాల్లో పడుతుంది. పాట రాసింది ఎవరంటే, ‘జానపదం’.