దీవులకు బస్సు లాంటి విమానం

వివ్ రిచర్డ్స్ పుట్టిన కరీబియన్ దీవి ఆంటిగ్వా కేంద్రంగా దశాబ్దాల పాటు నడిచిన చిన్న విమాన సంస్థ 'లియాట్'. 2020లో అప్పుల్లో కూరుకుపోయి, 2024 జనవరిలో పూర్తిగా మూతపడింది. నడపడం చేతకాక మునిగిందని చేతులు దులిపేసుకోవడం తేలికే. మాకు మాత్రం అసలు తప్పు ప్రభుత్వాల లెక్కలో కనిపిస్తోంది.

1956లో మాంట్సెరాట్ దీవిలో ఫ్రాంక్ డెలీల్ ఒక బుల్లి పైపర్ అపాచీ విమానంతో దీన్ని మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఆంటిగ్వాకు పాతిక మైళ్ల పైచిలుకు సముద్రం, విమానంలో ఇరవై నిమిషాలు. తర్వాత సంస్థ చేతులు మారింది. 1974లో యజమాని అయిన బ్రిటిష్ కంపెనీ కోర్ట్ లైన్ కుప్పకూలితే, 11 కరీబియన్ ప్రభుత్వాలు కలిసి లియాట్‌ను నిలబెట్టాయి. అది మంచి నిర్ణయం. వంతెన లేని దీవుల్లో పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా, పెళ్లికి వెళ్లాలన్నా మన పల్లెవెలుగు బస్సులాంటిది ఆ విమానమే.

కానీ కాలక్రమంలో భారమంతా కొందరి నెత్తిన పడింది. చివరికి దాదాపు సగం వాటా బార్బడోస్‌ది, మూడో వంతు ఆంటిగ్వాది. సెయింట్ విన్సెంట్, డొమినికా చిన్న వాటాదారులు. మిగతావారి వాటా నామమాత్రం. విమానం మాత్రం అందరికీ కావాలి. పైగా ఎక్కిన దీవిలో ఒక పన్ను, దిగిన దీవిలో ఇంకో రుసుము. ఇరవై నిమిషాల ప్రయాణానికి టికెట్ చూస్తే గుండె గుభేలుమంటుంది.

ఇది చాలదన్నట్టు 2000లో అమెరికా కోటీశ్వరుడు అలెన్ స్టాన్‌ఫర్డ్ 'కరీబియన్ స్టార్' అనే విమాన సంస్థ పెట్టి టికెట్ ధరల పోటీకి దిగారు. ట్వంటీ20 క్రికెట్ కోసం లార్డ్స్ మైదానంలో హెలికాప్టర్ దిగి డాలర్ల పెట్టె చూపించిన పెద్దమనిషే ఈయన. మోసం కేసులో 2012లో 110 ఏళ్ల జైలుశిక్ష పడింది. అంతకుముందే, 2007లో, ఆయన సంస్థ లియాట్‌లో కలిసిపోయింది.

లియాట్ తప్పులూ తక్కువేమీ కావు. పేరులోని ఎల్-ఐ-ఎ-టి అక్షరాలకు 'లీవ్ ఐలాండ్ ఎనీ టైమ్' (దీవి నుంచి ఎప్పుడో ఒకప్పుడు బయల్దేరు), 'లగేజ్ ఇన్ అనదర్ టెర్మినల్' (సామాను ఇంకో టెర్మినల్‌లో) అని అర్థాలు చెప్పి జనం ఊరికే ఎగతాళి చేయలేదు. 2013లో కొత్త ఏటీఆర్ విమానాలకు మారేటప్పుడు సర్వీసులు అస్తవ్యస్తమయ్యాయి. ఒకే ప్రయాణంలో ఆరు విమానాశ్రయాలు చూపించినందుకు థ్యాంక్స్ అంటూ ఒక ప్రయాణికుడు రాసిన వెటకారపు లేఖను వర్జిన్ సంస్థల అధినేత రిచర్డ్ బ్రాన్సన్ నెట్‌లో పంచుకుంటే లోకమంతా నవ్వుకుంది. అయితే లేటు విమానాల వల్ల చెడ్డపేరు వస్తుంది, సంస్థే మూతపడదు. మూతపడటానికి కారణం ఏళ్ల తరబడి పేరుకున్న నష్టాలు, వాటిని పంచుకోవడానికి ముందుకు రాని పొరుగు ప్రభుత్వాలు. ఆపైన కోవిడ్.

2024లో 'లియాట్ 2020' పేరుతో కొత్త సంస్థ ఎగిరింది. అందులో 70 శాతం వాటా నైజీరియా విమాన సంస్థ ఎయిర్ పీస్‌ది, 30 శాతం ఆంటిగ్వా ప్రభుత్వానిది. పాత సంస్థలో ఉద్యోగం పోయినవారు మాత్రం పరిహారం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. విమానం దిగే ప్రతి దీవీ ప్రయాణికుల లెక్కన ఖర్చులో పాలుపంచుకోవాలి, టికెట్ మీద పన్ను తగ్గించాలి. అది జరగకపోతే ఎయిర్ పీస్ కూడా లాభం ఉన్న రూట్లే చూసుకుంటుంది. వ్యాపారి నుంచి అంతకన్నా ఆశించలేం.