స్లాబు పడితే ఇల్లయిపోదు

పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదని పెద్దల మాట. పొద్దు ఎంత పొట్టో రాత్రి అంత పొడుగు. విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట కొండవాలు గూడేల్లో, శ్రీకాకుళం జిల్లాలో మందస, మెళియాపుట్టి కొండల కింద ఆ రాత్రి ఎలా గడుస్తుందో తెలియాలంటే అధికారులు తెల్లవారుజామున వెళ్లాలి. గోడలు లేచి, స్లాబు పడి, కిటికీకి రెక్కల బదులు గోనెసంచి వేలాడే ఇళ్లు కనిపిస్తాయి. గుమ్మానికి తలుపు ఉండదు, రేకుముక్క ఆనించి ఉంటుంది. లోపల పసిపిల్లలు, ముసలివాళ్లు ముడుచుకుని పడుకుంటారు.

ఇవి ప్రభుత్వ సాయంతో కట్టుకుంటున్న ఇళ్లు. ఇలా ఆగిపోవడానికి కారణం లబ్ధిదారుల బద్ధకం కాదు. పునాదికి, గోడలకు, స్లాబుకు అంటూ బిల్లు దశలవారీగా వస్తుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో మొదలైనప్పుడు సాయం మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. ఆ పదివేల తేడా ఇసుక, సిమెంటు కొండెక్కించడానికే సరిపోదు. స్లాబు పడేసరికి డబ్బు అయిపోతుంది. తలుపులు, కిటికీలు, గచ్చు, గోడపూత మిగిలిపోతాయి. చలిని ఆపేవి సరిగ్గా అవే.

అక్కడ మొదలవుతుంది వడ్డీ వ్యాపారి ప్రవేశం. నూటికి మూడు రూపాయల వడ్డీకి 35 వేలు తెస్తే నెలకు 1,050 రూపాయలు కట్టాలి. అదే మొత్తం పావలా వడ్డీకి దొరికితే ఏడాదంతటికీ కట్టేది 1,050 రూపాయలే. రాష్ట్రంలో పేదలందరికీ ఇళ్ల పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు 35 వేల రుణాన్ని పావలా వడ్డీకి ఇప్పించిన అనుభవం ఉంది. ఆ ఏర్పాటును ముగింపు పనులకే కేటాయించి, అసంపూర్తి ఇళ్లన్నిటికీ వర్తింపజేయాలని మేము కోరుతున్నాం.

రేకుల ఇళ్లది మరో బాధ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పూరిళ్లను ఎగరగొట్టాక రేకు వేసుకోవడం చాలామందికి తప్పనిసరి అయింది. కానీ గడ్డి పొరల మధ్య నిలిచే గాలి ఇచ్చే వెచ్చదనం రేకుకు లేదు. నిర్మలమైన రాత్రి రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసి బయటి గాలికన్నా చల్లబడుతుంది. లోపలివాళ్ల ఊపిరిలోని తేమే నీటిబొట్లై పక్కమీద రాలుతుంది. రేకు కింద జానెడు ఎడంగా వెదురు తడిక కట్టి, పొయ్యి దగ్గర మాత్రం వదిలేసి, గోడకూ రేకుకూ నడుమ సందులు మట్టితో మూస్తే చాలా తేడా కనిపిస్తుంది. వెదురు, అల్లే చేతులు మన దగ్గరే ఉన్నాయి. కొత్తగా కట్టేవాళ్లు ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతిని పరిశీలించాలి. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ ప్రచారం చేసిన ఈ కట్టుబడికి ఇటుకలు దాదాపు నాలుగోవంతు తగ్గుతాయి, గోడలోని గాలి చలినీ ఎండనూ కొంత ఆపుతుంది. గృహనిర్మాణ శాఖ ఇంజినీర్లు మేస్త్రీలకు ఇది నేర్పించాలి.

ఒక హెచ్చరిక కూడా. తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వచ్చే పుష్యమాసంలో రుణం మంజూరైతే ఉపయోగం లేదు. వానలు తగ్గి, మేస్త్రీలు దొరికే కార్తీకంలోనే సంఘాల ఖాతాల్లో పడాలి. అందుకు ఏ గూడెంలో ఎన్ని ఇళ్లకు తలుపులు లేవో లెక్క ఈ చలిలోనే తీయాలి.